తలలో పొట్టు – నూనె ఎప్పుడు? వైద్యం ఎప్పుడు?

(దివిసీమలో ఒక వయోజన విద్యా కేంద్రంలో, అక్కడే చదువు నేర్చుకుని ఇప్పుడు చదువు చెబుతున్న ఒక అక్క చేసిన ప్రసంగం)



పగలంతా కష్టపడి వచ్చారు. కొందరు చేలో నుంచి వచ్చారు. కొందరు రొయ్యల చెరువుల మీద పనిచేసి వచ్చారు. ఇంటిపని ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చారు. అందుకని పెద్ద ఉపన్యాసం ఇవ్వను. తల గురించి నాలుగు మాటలు చెబుతాను.

నిన్న మనం పాఠం చదువుకుంటున్నాం. ఒక చెల్లెలు పుస్తకం మీదికి వంగింది. తలలోంచి తెల్లటి పొట్టు రాలి అక్షరాల మీద పడింది. ఆమె గబుక్కున కొంగుతో తుడిచేసింది. పక్కనున్నవాళ్ళు చూశారేమోనని ముఖం తిప్పుకుంది. ఆమె ఎవరో చెప్పను. చెప్పాల్సిన పనీ లేదు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందికి ఆ బాధ వుంది. నాకూ వుండేది.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పొట్టు రాలినంత మాత్రాన మనిషి మురికిమనిషి కాదు. చుండ్రు అంటురోగమూ కాదు. కానీ తెలుసుకోవాల్సింది మాత్రం వుంది. తెలుసుకోక నేను పోగొట్టుకున్నది ఒకటి వుంది. ముందు అది చెబుతాను.

మా అబ్బాయి కథ

ఇది ముప్పై ఏళ్ళ నాటి మాట. మా పెద్దాడికి అప్పుడు ఏడేళ్ళు. వాడి తలలో ఒకచోట పొట్టు లేచింది. దురద. గోకేవాడు. మా అత్తగారు చూసి, "మాడు ఎండిపోయిందే, నూనె పెట్టు" అంది. పెట్టాను. రోజూ పెట్టాను. పొట్టు మెత్తబడేది. రెండు రోజులకు మళ్ళీ లేచేది.

నెల తిరిగేసరికి అక్కడ జుట్టు విరిగిపోయింది. రూపాయి బిళ్ళంత గుండ్రంగా బోడిగా అయింది. "పేనుకొరుకుడులే" అన్నారు ఇరుగుపొరుగు. తెలిసినాయన ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే దురద తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ ట్యూబు మీద ఏం రాసి వుందో నాకు తెలియదు. నాకు అప్పటికి సంతకం చేయడం కూడా రాదు.

తర్వాత అది వాచింది. చీము పట్టింది. మెడ వెనక బిళ్ళలు కట్టాయి. జ్వరం వచ్చింది. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాను. డాక్టరుగారు చూసి అన్నారు: "ఇది తామరమ్మా. తలకు పట్టిన తామర. నూనెతో పోదు, పైపూతతో పోదు. లోపలికి మాత్రలు వేయాలి. దురద తగ్గించే ఆ ట్యూబు దీన్ని దాచిపెట్టింది, తగ్గించలేదు. నువ్వు రెండు నెలల ముందు తీసుకొచ్చి వుంటే బాగుండేది."

ఆరు వారాల పైన మాత్రలు వేశాం. తామర పోయింది. కానీ చీము పట్టినచోట జుట్టు మళ్ళీ మొలవలేదు. ఇప్పుడు మావాడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఇప్పటికీ దువ్వుకునేటప్పుడు పక్క జుట్టును ఆ మచ్చ మీదికి లాక్కుంటాడు. నేను చూడనట్టు ముఖం తిప్పుకుంటాను.

నూనె తప్పు కాదు. మా అత్తగారి తప్పూ కాదు. అన్ని పొట్టులూ ఒకటే అనుకోవడం తప్పు. ఆ తర్వాతే నేను రాత్రిబడికి వచ్చాను. అక్షరాలు నేర్చుకున్నాను. కనబడిన డాక్టరునల్లా, నర్సమ్మనల్లా అడిగి తెలుసుకున్నాను. ఈరోజు మీకు చెప్పేది అదే.

తెల్లగా వున్నదంతా ఒకటేనా?

మన సముద్రపు ఒడ్డు భూముల్లో ఎండాకాలం నేల మీద తెల్లటి పొర లేస్తుంది. కొత్తవాడు చూస్తే సున్నం చల్లారేమో అనుకుంటాడు. రైతు వంగి, చేత్తో తీసి చూస్తాడు. చౌడు అని చెబుతాడు. చూసిన తర్వాతే దానికి ఏం చేయాలో ఆలోచిస్తాడు.

తల విషయంలోనూ అంతే. ముందు చూడాలి. పగటి వెలుతురులో, జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూడాలి. ఎవరి తల వాళ్ళకు కనబడదు. ఒకరికొకరు చూసుకోవాలి. పేలు చూసుకునేటప్పుడు ఎలా కూర్చుంటామో అలా.

నాలుగు రకాలు గుర్తు పెట్టుకుందాం.

ఒకటి: పొడి పొట్టు. సన్నగా, తెల్లగా, పొడిగా వుంటుంది. దులిపితే రాలిపోతుంది. మాడు బిగుసుకున్నట్టు వుంటుంది. ఇలాంటివాళ్ళకు చేతులూ కాళ్ళూ కూడా తెల్లగా పగులుతుంటాయి. చలికాలంలో ఎక్కువవుతుంది. గట్టి సబ్బుతో తల రుద్దుకుంటే ఎక్కువవుతుంది. దీనికి నూనె మంచిది.

రెండు: సబ్బు తెట్టు. ఇది చర్మం పొట్టు కానేకాదు. ఉప్పు నీళ్ళలో సబ్బుతో తలంటుకుంటే మిగిలే తెట్టు. ఎండిన తర్వాత పొట్టులాగే రాలుతుంది. దీనికి మార్చాల్సింది నీళ్ళు, సబ్బు.

మూడు: చుండ్రు. ఈ పొట్టు కొంచెం పెద్దగా, జిడ్డుగా, ఒక్కోసారి పసుపుపచ్చగా వుంటుంది. మాడుకు అంటుకుని వుంటుంది. దురద వుంటుంది. కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక కూడా లేవవచ్చు. దీనికి నూనె మందు కాదు.

నాలుగు: జబ్బు. గుండ్రంగా జుట్టు ఊడటం, వెంట్రుకలు విరిగిపోవడం, చీము, రసి, వాపు, మెడలో బిళ్ళలు. ఇవి కనబడితే డాక్టరు దగ్గరికే. మందంగా, వెండిరంగులో పొలుసులు లేచి, మోచేతుల మీదా మోకాళ్ళ మీదా కూడా వుంటే అది సోరియాసిస్ కావచ్చు. అదీ డాక్టరే చూడాలి. సోరియాసిస్ అంటుకునేది కాదు. ఆ మనిషిని దూరం పెట్టకండి. తలకు పట్టే తామర మాత్రం అంటుకుంటుంది. అది ఎక్కువగా పిల్లలకు వస్తుంది.

మన నీళ్ళ సంగతి

మనది కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. పులిగడ్డ దగ్గర నది పాయలుగా చీలింది. హంసలదీవి దగ్గర సాగరసంగమం. చుట్టూ నీళ్ళే. కానీ చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. మంచినీళ్ళకు కాలవ వైపూ, చెరువు వైపూ చూడాల్సిందే. బెజవాడ దగ్గర 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయింది. అక్కడి నుంచి కాలవల్లో వచ్చే కృష్ణ నీళ్ళే మన చేలకూ, చెరువులకూ ఆధారం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు సముద్రపు నీళ్ళలో మునిగాయి. చెరువుల్లో ఉప్పునీరు చేరింది. గుక్కెడు మంచినీళ్ళ విలువ ఏమిటో మన పెద్దవాళ్ళను అడగండి.

ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదని మీకు తెలుసు. నీళ్ళలో కరిగి వున్న లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్టు అంచున పట్టేది అదే. స్నానాల గదిలో నేల మీద పేరుకునేది అదే. మన జుట్టులో చిక్కులు పడేట్టు చేసేది కూడా అదే. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. తెట్టు ఇంకాస్త పెరుగుతుంది. మాడు ఇంకాస్త ఎండిపోతుంది.

పెడనలో, బందరులో కలంకారీ అద్దకం పని చేసేవాళ్ళను చూడండి. బట్టను పారే నీళ్ళలో జాడించి ఉతుకుతారు. నీళ్ళు మంచివైతేనే రంగు బాగా తేలుతుంది. బట్టకే అంత జాగ్రత్త కావాలంటే, తలకు అక్కర్లేదా?

మరి ఏం చేయాలి? తలంటుకు మొత్తం మంచినీళ్ళు దొరక్కపోవచ్చు. తాగే నీళ్ళకే కష్టమైన రోజులు వుంటాయి. కానీ ఆఖరి రెండు చెంబులైనా మంచినీళ్ళు పోసుకోండి. తెట్టు చాలావరకు పోతుంది. వానాకాలం చూరు నీళ్ళు పట్టుకోండి. మొదటి జల్లు వదిలేసి, తర్వాతి వాన నీళ్ళు పట్టాలి. పాత్ర మీద మూత వుంచాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఒక సంగతి. నీళ్ళు కాచినంత మాత్రాన ఉప్పు పోదు. పటిక వేస్తే మట్టి కిందికి దిగుతుంది, ఉప్పు దిగదు.

కార్తీక పౌర్ణమికి మంగినపూడిలోనో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలోనో సముద్రస్నానం చేస్తాం. మంచిదే. ఇంటికి రాగానే మంచినీళ్ళతో తల తడుపుకోండి. ఉప్పు తలలో ఎండనివ్వకండి.

సబ్బు బదులు కుంకుడుకాయ వుంది. దాని నురగకు ఉప్పు నీళ్ళలో సబ్బులాగా తెట్టు కట్టే గుణం లేదు. కాయలు చితక్కొట్టాలి. గింజలు తీసేయాలి. వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టాలి. కళ్ళలో పడితే మంట. చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త. అలాగని రోజూ కుంకుడు రసంతో రుద్దితే అదీ మాడును ఎండబెడుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

నూనె ఏం చేస్తుంది?

ఇప్పుడు నూనె సంగతికి వద్దాం.

ఆవకాయ జాడీలో పైన నూనె తేలాలని మన పెద్దవాళ్ళు చూస్తారు. ఎందుకు? ఆ నూనె మూతలాగా పనిచేస్తుంది. గాలి తగలనివ్వదు. మాడు మీద కూడా నూనె అలాంటి మూతే. చర్మంలో వున్న తడి ఆరిపోకుండా ఆపుతుంది. లేచిన పొట్టును మెత్తబరుస్తుంది. అంతే. నూనె చేసే పని అది. అది చిన్న పని కాదు. కానీ అదొక్కటే దాని పని.

ఏ నూనె? మన పెరట్లో కొబ్బరిచెట్టు వుంది. కొబ్బరినూనె మంచిది. భోగికీ, దీపావళికీ నువ్వుల నూనెతో తలంటు పోసుకుంటాం. అదీ మంచిదే. ఆముదం చిక్కన. పొట్టును బాగా నానబెడుతుంది. కానీ కడిగితే ఒక పట్టాన పోదు. కొంచెం కొబ్బరినూనెలో కలిపి వాడండి.

కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకుతుంది. తల రుద్దేటప్పుడు వెంట్రుక దెబ్బతినకుండా కొంత కాపాడుతుంది. ముంబయిలో ఒక నూనె కంపెనీ పరిశోధకులు ఈ సంగతి 2003లో ప్రచురించారు. అయితే అది వెంట్రుక మీద జరిగిన పరిశోధన. చుండ్రు మీద కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి. సీసా మీద బొమ్మ చూసి, రెంటినీ ఒకటి చేసుకోకండి.

చుండ్రుకు నూనె ఎందుకు మందు కాదు? మన అందరి తలల్లోనూ కంటికి కనబడని ఒక సూక్ష్మజీవి వుంటుంది. బూజు జాతిది. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త మలాసే 1874లో చర్మపు పొట్టులో దాన్ని గుర్తించి రాశాడు. అతని పేరు మీదే దాన్ని మలసీజియా అంటారు. దాని తిండి ఏమిటో తెలుసా? జిడ్డు. మాడులో ఊరే జిడ్డే దాని భోజనం. ఆ తిండి తిని అది వదిలే పదార్థాలు కొందరి చర్మానికి పడవు. దురద పుడుతుంది. పొట్టు లేస్తుంది. అలాంటి తలలో నూనె పోసి, రాత్రంతా వుంచితే ఏమవుతుంది? దానికి విస్తరి వేసినట్టవుతుంది.

చుండ్రుకు మందు కలిపిన షాంపూలు వున్నాయి. కీటోకొనజోల్ కలిపినది ఒకటి. జింకు పైరిథియోన్ కలిపినది ఒకటి. డాక్టరునో, నర్సమ్మనో అడిగి తీసుకోండి. వారానికి రెండుసార్లు తల తడిపి, మాడుకు పట్టించి, ఐదు నిమిషాలు వుంచి కడగాలి. చాలామంది పట్టించిన వెంటనే కడిగేస్తారు. మందు పనిచేయడానికి సమయం ఇవ్వరు. రెండు నుంచి నాలుగు వారాలు ఇలా చేయాలి. తగ్గిన తర్వాత మళ్ళీ రావచ్చు. వస్తే భయపడక్కర్లేదు. మళ్ళీ వాడాలి.

పొడి మాడుకు నూనె పెట్టే పద్ధతి

1. రెండు చెంచాల నూనె తీసుకోండి. గిన్నె వేడి నీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద కాచకండి. ముందు చేతి మీద వేసి చూసుకోండి.

2. జుట్టు పాయలు తీసి, మాడుకు అద్దండి. వేళ్ళ కొసలతో మెల్లగా రుద్దండి. గోళ్ళు తగలనివ్వకండి. గోకితే పుండ్లు పడతాయి.

3. అరగంట నుంచి గంటసేపు వుంచండి. ఎండలో తిరగకండి. దుమ్ము అంటుకుంటుంది.

4. పళ్ళు దూరంగా వున్న దువ్వెనతో మెల్లగా దువ్వండి. నానిన పొట్టు వస్తుంది. రానిదాన్ని పీకకండి.

5. కుంకుడు రసంతోనో, మెత్తటి షాంపూతోనో కడగండి. ఆఖరున మంచినీళ్ళు పోయండి. జుట్టు బాగా ఆరిన తర్వాతే ముడి వేయండి.

వారానికి ఒకసారి, లేకపోతే రెండుసార్లు. మూడు నాలుగు వారాలు చూడండి. తగ్గితే సంతోషం. తగ్గకపోతే అది పొడి పొట్టు కాదన్నమాట. నేను చేసినట్టు నెలల తరబడి నూనె పోస్తూ కూర్చోవద్దు. ఆసుపత్రికి వెళ్ళండి.

ఇవి చేయకండి

కిరసనాయిలు తలకు రాయకండి. పేల కోసం పూర్వం కొందరు రాసేవాళ్ళు. చర్మం కాలుతుంది. పొయ్యి దగ్గరికి వెళితే నిప్పంటుకుంటుంది. ప్రాణాలు పోతాయి.

నిమ్మరసం నేరుగా పుండ్ల మీద పిండకండి. మంట, పుండు ఎక్కువవుతాయి.

కర్పూరం కలిపిన నూనె చంటిపిల్లలకు రాయకండి. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్సు రావచ్చు. ఆ సీసా పిల్లలకు అందనివ్వకండి.

పేరు తెలియని ట్యూబులు రాయకండి. డాక్టరు రాయని పూత కొనకండి. మీకు ఇప్పుడు అంకెలు చదవడం వచ్చు. తేదీ చూడండి. గడువు దాటిందా? ధర ఎంత? తెలియని మాట వుంటే అడగండి. "నాకు చదివి చెప్పండి" అనడం తప్పు కాదు.

ఇంటిల్లిపాదికీ ఒకే దువ్వెన వద్దు. గూట్లో ఒకటే దువ్వెన, దానితోనే తాత, దానితోనే మనవరాలు. పేలు అలాగే పాకుతాయి. తామరా అలాగే పాకుతుంది. మనిషికొక దువ్వెన పెట్టుకోండి. తువ్వాలూ అంతే. ఒక బిడ్డకు తామర వుంటే మిగతా పిల్లల తలలూ చూడండి.

పసిబిడ్డల మాడు

పుట్టిన కొన్ని వారాలకు బిడ్డ మాడు మీద పసుపుపచ్చటి పెచ్చులు కట్టవచ్చు. తల్లులు బెంగపడతారు. చాలామంది బిడ్డలకు కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది. కొంచెం కొబ్బరినూనె రాసి, కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, తల కడగండి. నూనె అలాగే వదిలేయకండి. పెచ్చులు గోటితో తీయకండి.

ఇంకో మాట. పాత అలవాటు ప్రకారం స్నానం పోసేటప్పుడు బిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేస్తారు. వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డకు ప్రమాదం. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు. కోప్పడకుండా చెప్పండి. "అత్తయ్యా, డాక్టరుగారు వద్దన్నారు" అనండి.

చివరి మాట

అక్కలూ, చెల్లెళ్ళూ! మా అత్తగారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆమె చేతితో పెట్టిన నూనె చల్లదనం నా మాడుకు ఇంకా గుర్తుంది. ఆ నూనె గిన్నెను నేను పారేయలేదు. మొన్న సంక్రాంతికి మా మనవరాలు వచ్చింది. తల గోక్కుంటోంది. గిన్నె తీశాను. కానీ ముందు దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, వెలుతురులో పాయలు తీసి తలంతా చూశాను. బిళ్ళలు లేవు. జుట్టు విరగలేదు. పొడి పొట్టు. అప్పుడే నూనె పెట్టాను.

మా అబ్బాయి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏమీ అనలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నాకూ కాస్త పెట్టు" అన్నాడు. ఆ మచ్చ మీద కూడా పెట్టాను.

మీరు ఇంటికి వెళ్ళగానే మీ పిల్లల తలలు చూడండి. రాత్రి కాదు, రేపు పొద్దున్నే, వెలుతురులో. ముందు చూడండి. తర్వాతే నూనె.

సెలవు.

ఆలోచించండి – చర్చించండి

1. పొడి పొట్టుకూ, చుండ్రుకూ తేడా ఏమిటి?
2. మీ ఊళ్ళో తలంటుకు ఏ నీళ్ళు వాడుతున్నారు? సబ్బు నురగ వస్తోందా?
3. ఏ గుర్తులు కనబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?
4. మీ ఇంట్లో దువ్వెనలు ఎన్ని? మనుషులు ఎంతమంది?
5. మీ ఇంట్లో వున్న ఒక నూనె సీసానో, మందు ట్యూబునో తీసుకురండి. దాని మీద వున్న తేదీ, ధర చదవండి. పలక మీద రాయండి.